చిక్కి శల్యమైన కుక్క ఇంటికొస్తే...

అద్దె ఇల్లు మారుతూ గేటుకు కట్టేసి పోయిన లాబ్రడార్, ఇక ఈనదని తేలాక పెంపకందారు బయటికి తోలేసిన ఆడకుక్క, గజ్జితో వెంట్రుకలన్నీ రాలి చెత్తకుండీ పక్కన ముడుచుకున్న ఊరకుక్క. హైదరాబాదులోనైనా విజయవాడలోనైనా ఇవి రోజూ కనిపించేవే. ఎవరికో ఒకరికి మనసు కరుగుతుంది, ఇంటికి తెచ్చుకుంటారు. ఆత్రం అక్కడే మొదలవుతుంది. వచ్చిన రోజే కడుపునిండా అన్నం, ఆ రోజే స్నానం, ఆ రోజే టీకా, చుట్టూ మూగిన పిల్లలు. ఎండిన డొక్కలతో వచ్చిన కుక్క ఆకలిని ఇన్నాళ్లూ తట్టుకుంది. ఈ హడావుడిని తట్టుకోలేదు.

1. ముట్టుకునే ముందు కాసేపు దూరం నుంచి చూడండి. దవడ వేలాడేసి చొంగ కారుస్తున్నా, నీళ్లు మింగలేకపోతున్నా, తూలుతూ ఎదురొచ్చిన రాయినీ కర్రనీ కొరుకుతున్నా రేబిస్ కావచ్చు. పిల్లల్ని లోపలికి పంపించి మున్సిపాలిటీకో పశువుల ఆసుపత్రికో చెప్పండి. మీ చేత్తో పట్టుకోవద్దు. మామూలుగా భయపడుతున్న కుక్కనైతే మందపాటి దుప్పటి కప్పి ఎత్తుకోవచ్చు. నొప్పిలో ఉన్నది ఎంత సాధువైనా కరుస్తుంది.

2. కరిచినా, పన్ను గీరుకున్నా కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసి మరీ కడగండి, ఆ 15 నిమిషాలు మనకు చాలా పొడుగ్గా అనిపిస్తాయి. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి ఏవీ అద్దొద్దు. అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్తే చర్మంలోకి ఇచ్చే సూదులు మొదటి రోజున, 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. నెత్తురు వచ్చిన గాటుకైతే ఇమ్యూనోగ్లోబ్యులిన్ కూడా కావాలి, అడిగి వేయించుకోండి. 'కుక్కపిల్లే కదా' అని వదిలేసే వాళ్లున్నారు. కుక్కపిల్లలకూ రేబిస్ వస్తుంది.

3. ఒక మూల చూపించండి. వరండాలో గాలి తగిలే చోట, నలుగురూ తొక్కని మూలన గోనెసంచి, దానిమీద పాత బొంత, ఒక నీళ్ల గిన్నె ఉంటే చాలు. ఇంట్లో వేరే కుక్క ఉంటే రెండు వారాలైనా రెండింటినీ కలపొద్దు. గిన్నెలు వేరు, పక్క వేరు. కొత్తదాన్ని ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కున్నాకే పాతదాని దగ్గరికి వెళ్లాలి.

4. స్నానానికంటే ముందు ఆసుపత్రి. బరువు తూయించండి. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, పిడుదుల జ్వరం చూడమని అడగండి. గజ్జి ఉంటే చర్మం గీకి మైక్రోస్కోపులో చూస్తారు. మలపరీక్ష కూడా చేయించాలి. ప్రైవేటు క్లినిక్కు స్తోమత లేకపోతే మండలంలోని పశువుల ఆసుపత్రి ఉంది. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి వంటి చోట్ల పశువైద్య కళాశాలలున్నాయి. హైదరాబాదులో 1992 నుంచి బ్లూ క్రాస్, విశాఖలో విఎస్‌పిసిఎ అనే జంతు సంరక్షణ సంస్థలు ఇలాంటి కుక్కలకు వైద్యం చేస్తున్నాయి.

5. ఇంట్లో మీరే చూడగలిగినవి మూడు. చిగుళ్లు గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటికి రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. పాలిపోయి ఉంటే నెత్తురు తక్కువని అర్థం. మెడ వెనక చర్మాన్ని పైకి లాగి వదిలితే వెంటనే సర్దుకోవాలి. గుడారంలా నిలబడిపోతే ఒంట్లో నీరు ఇంకిపోయింది. (బాగా బక్కచిక్కిన కుక్కలో కొవ్వు లేక ఈ పరీక్ష కొంచెం తప్పు చెబుతుంది, అందుకని చిగుళ్ల తడి కూడా చూడండి.) మూడోది జ్వరం. కుక్క మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. మన లెక్కన చూసి కంగారుపడొద్దు, 103 దాటితేనే జ్వరం.

6. ఇప్పుడు తిండి. ఇక్కడ పొరపాటు చేస్తే ప్రాణమే పోవచ్చు. రోజుల తరబడి తిండి లేని ఒళ్లు తన కండనూ కొవ్వునూ కరిగించుకుంటూ నెట్టుకొస్తుంది. ఒక్కసారిగా అన్నం పడగానే ఇన్సులిన్ ఎగసి, రక్తంలో మిగిలిన కాస్త ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి లాక్కుపోతుంది. గుండె, కండరాలు అక్కడే చతికిలబడతాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక చెరల నుంచి బయటపడిన మనుషుల్లో కొందరు ఇలాగే, తిండి దొరికాక చనిపోయారు. కుక్కలోనూ జరిగేది అదే. తినడం మొదలుపెట్టిన రెండు నుంచి ఐదు రోజుల్లో వణుకు, తూలడం, ముదురు రంగు మూత్రం కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు.

కొలత ఇలా వేసుకోండి. పది కిలోల కుక్క ఊరికే పడుకుని ఉండటానికే రోజుకు సుమారు 400 కేలరీలు కావాలి. మొదటి రోజు అందులో పావువంతు, అంటే 100 మాత్రమే. దాన్నీ ఐదారు సార్లుగా పంచాలి. తర్వాత రోజూ కొంచెం పెంచుతూ వారం, పది రోజుల్లో పూర్తి కొలతకు రండి. లెక్కకు తీసుకోవాల్సింది ఇవాళ్టి బరువు. ఉండాల్సిన బరువు కాదు. గిన్నె నాకేసి మీ మొహంలోకి చూస్తుంది. చూడనివ్వండి.

7. ఏం వండాలి? మనింట్లో కుక్కకు పెట్టడమంటే గిన్నెడు అన్నంలో చారెడు ఏదో కలపడం. ఈ కుక్కకు మొదటి వారం అది తిరగబడాలి. ఉప్పు, కారం లేకుండా ఉడికించిన ఎముకల్లేని కోడిమాంసం ఎక్కువ, మెత్తటి అన్నం తక్కువ. పైన లెక్కేసిన 100 కేలరీలకు ఉడికిన మాంసం 40 గ్రాములు, రెండు మూడు చెంచాల అన్నం సరిపోతాయి. మాంసం వండని ఇళ్లలో ఉడికించిన గుడ్డు. ఒక గుడ్డు 70 కేలరీల పైచిలుకు. ఉడికించిన గుమ్మడికాయ ముక్క విరేచనం కుదుటపడటానికి పనికొస్తుంది. పెరుగు కొంచెం పర్వాలేదు. పాలు వద్దు, చాలా కుక్కలకు అరగక విరేచనాలు పట్టుకుంటాయి.

8. పెట్టకూడనివి: ఉల్లి, వెల్లుల్లి (అంటే మన పులుసులూ మిగిలిపోయిన కూరలూ దాదాపు అన్నీ), ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, ఉడికిన ఎముకలు. ఉల్లి నెత్తురులోని ఎర్రకణాలను పగలగొడుతుంది, అసలే నెత్తురు లేని కుక్క ఇది. జ్వరమొచ్చిందని మన పారాసెటమాల్, నొప్పులకని ఐబుప్రొఫెన్ వేయొద్దు. కాలేయం, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు.

9. నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. కాకపోతే బాగా దాహంతో ఉన్నది ఒక్క గుక్కన తాగి కక్కేస్తుంది, మొదట చిన్న గిన్నెతో పెట్టండి. నోట్లో సిరంజితో గబగబా పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

10. పిడుదులు. చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో, తోక కింద వెతకండి. ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగి, సబ్బునీళ్లలోనో స్పిరిట్‌లోనో వేయాలి. గోళ్లతో చిదమడం మన అలవాటు, మానుకోండి. కిరోసిన్ పూయడం అంతకంటే తప్పు.

అయితే ఒంటిమీదివి తీసేస్తే సగం పనే అయినట్టు. పిడుదు నెత్తురు తాగి రాలిపడి గోడ పగుళ్లలో, గుమ్మం సందుల్లో వేల గుడ్లు పెడుతుంది. తిండి లేకుండా నెలల తరబడి అక్కడే కాచుకుంటుంది. పగుళ్లు పూడ్చి సున్నం కొట్టించండి, బొంత వేడినీళ్లలో ఉతకండి. కుక్క ఒంటికి ఏ మందు వాడాలో డాక్టరు బరువు చూసి చెబుతాడు. ఇంట్లో పిల్లి ఉంటే ఆ మాట కూడా చెప్పండి. పెర్మెత్రిన్ ఉన్న మందులు పిల్లిని చంపుతాయి.

పిడుదుల జ్వరం అని తేలితే సాధారణంగా డాక్సీసైక్లిన్ ఇస్తారు, ఎర్లీకియా రకానికి 28 రోజులు. వారానికే కుక్క లేచి తిరుగుతుంది, మాత్రలు అక్కడితో ఆపేసేవాళ్లే ఎక్కువ. ఆపితే తిరగబెడుతుంది. ముక్కు నుంచి నెత్తురు కారితే ప్లేట్‌లెట్లు పడిపోయాయని, ఆ పూటే వెళ్లాలని గుర్తు.

11. గజ్జికి వాడిన ఇంజన్ ఆయిల్ పూయమని మెకానిక్ షెడ్డు నుంచి పెద్దమనుషుల దాకా అందరూ చెబుతారు. వినొద్దు. కుక్క దాన్ని నాకుతుంది, పుండ్ల లోంచి ఒంట్లోకీ ఇంకుతుంది. గజ్జి రెండు రకాలు. సార్కోప్టిక్ మహా దురద, మనకూ అంటుకుని చేతుల మీద దద్దుర్లు తెస్తుంది. డెమోడెక్టిక్ మనకు అంటదు, నీరసించిన ఒంట్లో బలుస్తుంది. ఏదో తెలియాలంటే చర్మం గీకి చూడాల్సిందే. పశువుల మందుల షాపులో ఐవర్‌మెక్టిన్ కొని అందాజుగా పొడిచేయడం ఇంకో ప్రమాదం. అది పెద్ద పశువుల మోతాదులో ఉంటుంది. కోలీ జాతి కుక్కలకైతే మెదడుకెక్కుతుంది. ఇప్పుడు గజ్జి పురుగులకూ పిడుదులకూ కలిపి పనిచేసే నమిలే మాత్రలు వచ్చాయి. ఖరీదు ఎక్కువే, కానీ నెలల తరబడి అరకొర వైద్యం కన్నా నయం.

12. పుండులో పురుగులు పడితే అసహ్యపడకుండా వంగి చూడండి. ఈగ గుడ్లు పెట్టిన రోజులోపే పిల్లలవుతాయి, కండను తొలుచుకుంటూ లోపలికి పోతాయి. చుట్టూ వెంట్రుకలు కత్తిరించి, సెలైన్‌తో కడిగి, కనిపించినవి ట్వీజర్‌తో తీయాలి. టర్పెంటైన్ తడిపిన దూది పెట్టి పురుగుల్ని పైకి రప్పించడం డాక్టర్లూ చేసే పనే. దూదికి రెండు మూడు చుక్కలు మించకూడదు, ఎక్కువసేపు ఉంచకూడదు. కంటి దగ్గర, మర్మాంగాల దగ్గర అసలు వద్దు. పెట్రోలు, ఫినాయిల్, పొలం పురుగుమందు పోస్తే పురుగులతో పాటు కుక్క కూడా పోతుంది. శుభ్రమయ్యాక బెటాడిన్‌ను పల్చటి టీ రంగు వచ్చేదాకా నీళ్లలో కలిపి కడగండి.

పిల్లప్పుడు కట్టిన తాడు మెడలోకి దిగిపోయి, పైన చర్మం మూసుకుపోయిన కుక్కలు కూడా దొరుకుతాయి. ఆ తాడు ఇంట్లో కోయొద్దు, మత్తు ఇచ్చి తీయాలి.

13. స్నానం నాలుగైదు రోజులు ఆగినా కొంప మునగదు. చేయించే రోజు గోరువెచ్చని నీళ్లతో ఎండపొద్దున చేయించి, తువ్వాలుతో పూర్తిగా ఆరబెట్టాలి. మన షాంపూ వద్దు. మందు షాంపూ అయితే పది నిమిషాలు నురగతో ఉంచి కడగాలి.

14. లేవలేని కుక్కను మూడు నాలుగు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టండి, లేకపోతే మోచేతుల దగ్గర, తుంటి దగ్గర పుండ్లు పడతాయి. పైనుండే బొటనగోరు వంకర తిరిగి కండలోకి గుచ్చుకుందేమో చూడండి, చాలామంది కంటికి ఆనని నొప్పి అది.

15. నట్టల మందు డాక్టరు చెప్పిన మోతాదులో త్వరగానే వేయించవచ్చు. కొంకిపురుగులు పేగులో నెత్తురు తాగుతుంటే ఎంత తిండి పెట్టినా ఒళ్లు పట్టదు. టీకాలు కాస్త కోలుకున్నాకే. నీరసంగా, జ్వరంతో ఉన్న ఒంటికి టీకా సరిగా పట్టదు. కుక్కపిల్ల కక్కుతూ నెత్తురు విరేచనాలు చేసుకుంటుంటే పార్వో అనుకుని పరుగెత్తండి, ఇంటి చిట్కాలకు లొంగే జబ్బు కాదు.

16. మర్మాంగం దగ్గర కాలీఫ్లవర్‌లాంటి గడ్డ, చుక్కలుగా నెత్తురు కనిపిస్తే ఎదకొచ్చిందనుకుని ఊరుకోకండి. టివిటి అనే అంటుకునే కణితి అది, మన వీధికుక్కల్లో మామూలే. వారానికొకటి చొప్పున కొన్ని విన్‌క్రిస్టిన్ సూదులు వేస్తే చాలావరకు పూర్తిగా పోతుంది. క్యాన్సర్ అన్న మాట విని వదిలేసుకోవాల్సిన పని లేదు.

17. భయం పోవడానికి మందు లేదు. దాని దగ్గర నేలమీద పక్కకు తిరిగి కూర్చోండి, పేపరు చదువుకోండి, కళ్లలోకి చూడొద్దు. తల మీద చేయి వేయకుండా ముందు వాసన చూడనివ్వండి. తినేటప్పుడు పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. ఆకలి చూసిన కుక్క గిన్నెను కాపలా కాస్తుంది, అది పొగరు కాదు. ఇంట్లో ఒకే మనిషి తిండి పెడితే నమ్మకం త్వరగా కుదురుతుంది.

18. ఒంట్లో ఓపిక రాగానే పారిపోవాలని చూస్తుంది. మొదటి నెల గేటు తీసేటప్పుడల్లా గొలుసు చేతిలో ఉండాలి. దీపావళి, పెళ్లి ఊరేగింపులు, వినాయక నిమజ్జనం రోజుల్లో గదిలో ఉంచి తలుపు వేయండి.

19. వారానికోసారి తూయండి. కుక్కను ఎత్తుకుని తూకం మీద నిలబడి, మీ బరువు తీసేస్తే సరి. ప్రతి వారం ఒకే వైపు నుంచి ఫోటో తీసి పెట్టుకోండి, రోజూ చూసే కంటికి తేడా తెలియదు. పక్కటెముకలు కంటికి కనిపించకుండా, చేతికి మాత్రం తగులుతుంటే బరువు పెంచడం అక్కడితో ఆపండి. దాన్ని గుండ్రంగా చేసి మురిసిపోవడం ఇంకో జబ్బుకు దారి.

20. బరువు కుదుటపడ్డాకే పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించండి, చేయించకుండా ఎవరికీ దత్తతకు ఇవ్వకండి. ఇంటికుక్కను వీధిలో వదిలితే మళ్లీ మొదటికే వస్తుంది, దానికి ఇల్లే వెతకాలి. వీధిలో పుట్టి పెరిగినదైతే, 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం ఆపరేషన్, రేబిస్ టీకా అయ్యాక దొరికిన చోటే వదలాలి. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి పట్టుకున్న వాటిని తిరిగి అక్కడ వదలొద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ వీధి కాకపోతే చాలని కారులో తీసుకెళ్లి ఊరిబయట దించేసి రావద్దు. తెలియని చోట ఆ కుక్కకు నీళ్లెక్కడుంటాయో కూడా తెలియదు.