ఉదరవితానమునకు గాయము – సి.టి. పరీక్ష

ఱొమ్మునకును కడుపునకును నడుమ గుమ్మటమువలె వంగియున్న పలుచని కండరపు తెర యొకటి కలదు. దానిని ఉదరవితానమందురు. డయాఫ్రమ్ అనియు వైద్యులు వ్యవహరింతురు. ఊపిరి పీల్చునపుడు అది క్రిందికి దిగును, విడుచునపుడు పైకి లేచును. నిద్రలోనైనను దానికి విశ్రాంతి లేదు.

మోటారు ప్రమాదములందును, ఎత్తునుండి పడినపుడును, పైచర్మము చెక్కుచెదరకుండగనే ఈ తెర చినుగవచ్చును. పొట్టపై హఠాత్తుగ పడిన ఒత్తిడికి లోపలి అవయవములు పైకి త్రోయబడును. ఆ త్రోపుడునకు తాళజాలక తెర చీలును. కుడివైపున కాలేయము అడ్డు నిలిచి దెబ్బను కొంత కాచును గనుక ఎడమవైపు గాయములే హెచ్చుగ కనబడును. ఇట్టి గాయము అరుదు. అరుదగుటచేతనే అది మరుగున పడుచుండును. విరిగిన ఎముకయు, నెత్తురు కారుచున్న ప్లీహమును వైద్యుని దృష్టిని ముందుగ ఆకర్షించుట సహజమే కదా!

ఈ చిరుగు సాధారణముగ తనంతట మానునది కాదు. ఊపిరి పీల్చినప్పుడెల్ల ఛాతీలోని ఒత్తిడి తగ్గి, కడుపులోని అవయవములను పైకి లాగుచుండును. నెలలకో, ఏండ్లకో జీర్ణాశయమైనను ప్రేగైనను ఆ రంధ్రమున దూరి బిగిసిపోవచ్చును. అంతట రక్తప్రసారము నిలిచి, ఆ భాగము కుళ్ళి ప్రాణాపాయము కలుగును.

ఛాతీ ఎక్స్‌రే తొలి పరీక్ష. కాని మొదటి చిత్రము బాగున్నదని నిశ్చింతగ నుండరాదు. ఊపిరితిత్తి చుట్టు చేరిన నెత్తురు తెరను మరుగుపరచవచ్చును. శ్వాసయంత్రముపై నున్న రోగికి యంత్రము గాలిని లోనికి నెట్టుచుండుటచే అవయవములు పైకెక్కక, యంత్రము తీసిన పిదప గాయము బయటపడుటయు కలదు.

1971లో లండనునందు హౌన్స్‌ఫీల్డు నిర్మించిన సి.టి. యంత్రముతో మొదటి రోగి తలను పరీక్షించిరి. నేటి యంత్రములు ఛాతీని, కడుపును కొలది సెకండ్లలోనే చిత్రించును. అడ్డుకోత చిత్రములనుండి కంప్యూటరు నిలువుకోతలను కూర్చును. గుమ్మటమును అడ్డముగ మాత్రమే కోసి చూచిన దాని శిఖరము తేటపడదు. నిలువుగ కోసినపుడే వంపంతయు కనబడును. అందుచే ఈ గాయమునకు నిలువుకోతలు ముఖ్యములు.

వైద్యులు వెదకు గుర్తులు కొన్ని కలవు. తెర గీత నడుమ తెగియుండుట యొకటి. రంధ్రమున దూరిన జీర్ణాశయము సొరకాయబుఱ్ఱ నడుమువలె నొక్కుకొని కనబడుట మఱియొకటి. వెల్లకిల పరుండిన రోగి జీర్ణాశయముగాని కాలేయముగాని ఆధారము తప్పి వెనుక ప్రక్కటెముకలకు ఆనుట వేఱొకటి.

సి.టి.యైనను సర్వజ్ఞము కాదు. చిన్న చిరుగులు, ముఖ్యముగ కాలేయము ప్రక్కనున్నవి, దానికి చిక్కకపోవచ్చును. సందేహమున్నచో పరీక్షను మరల చేయుదురు, లేదా చిన్న రంధ్రముగుండ దుర్బిణిని పంపి చూతురు. రక్తపోటు పడిపోవుచున్న రోగిని సి.టి. గదికి గాక శస్త్రచికిత్సకే తీసికొనిపోవుట ఉచితము. చికిత్సలో అవయవములను స్వస్థానమునకు దించి చిరుగును కుట్టుదురు.

పరీక్షకు ముందు గర్భవతులు ఆ సంగతిని, మూత్రపిండవ్యాధి గలవారును మందులు పడనివారును తమ సంగతిని తప్పక చెప్పవలయును. ఎన్నడో దెబ్బ తినినవారికి భోజనానంతరమున ఆయాసము, ఎడమ ఱొమ్మున నొప్పి, వాంతులు కలిగినచో, ఏండ్లు గడచినను ఆ పాత ప్రమాదమును వైద్యునికి తెలుపవలయును. అప్పటి చిత్రములున్నచో వెంట తీసికొనిపోవలయును.