దూరప్రయాణపు స్పోర్ట్స్ బైకు: వేగానికీ సౌకర్యానికీ మధ్య భౌతికశాస్త్రం

రోజంతా నడిపినా ఒళ్లు అలసిపోకూడదు. ఘాట్ రోడ్డు మలుపుల్లో చురుగ్గా తిరగాలి. వెనుక మరో మనిషి, సామాను ఉన్నా బ్రేకు వేయగానే అదుపులో ఆగాలి. స్పోర్ట్స్ టూరింగ్ మోటార్‌సైకిల్ నుంచి ఆశించేవి ఇవే. వీటిలో ఒకటి పెంచబోతే మరొకటి తగ్గుతుంది. అందుకే దీని రూపకల్పన అంత తేలిక కాదు.

గాలి నిరోధం

గాలి నిరోధం వేగం వర్గానికి అనులోమానుపాతంలో పెరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల నుంచి 120కి వెళ్తే వేగం ఒకటిన్నర రెట్లే అవుతుంది. నిరోధం మాత్రం 2.25 రెట్లు, దాన్ని అధిగమించడానికి కావలసిన సామర్థ్యం దాదాపు 3.4 రెట్లు అవుతాయి. ఆ గాలి తాకిడి నేరుగా ఛాతీపై పడితే చేతులు, మెడ త్వరగా అలసిపోతాయి. 1976లో వచ్చిన బీఎండబ్ల్యూ ఆర్100ఆర్ఎస్ బైకు ముందు తొడుగును, అంటే ఫెయిరింగ్‌ను, ఇటలీలోని పినిన్‌ఫారినా సంస్థ విండ్ టన్నెల్‌లో పరీక్షించి తీర్చిదిద్దారు. అయితే అద్దం ఎత్తు నడిపేవారికి సరిపడకపోతే దాని అంచున పుట్టే సుడిగాలులు హెల్మెట్‌ను ఊపేస్తాయి.

మలుపులు

100 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వెళ్లాలంటే బైకు సుమారు 22 డిగ్రీలు వంగాలి. ఈ లెక్కలోకి బరువు రాదు. బైకు ఎంత చురుగ్గా వంగుతుందన్నది మాత్రం బరువుతో పాటు ఇతర కొలతలపైనా ఆధారపడుతుంది. వాటిలో ముఖ్యమైనది రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం. ఇది తక్కువైతే చురుకుదనం, ఎక్కువైతే తిన్నని రోడ్డుపై నిలకడ. రేసు తరహా యమహా ఆర్1లో ఇది సుమారు 1.4 మీటర్లు. అదే సంస్థ టూరింగ్ బైకు ఎఫ్‌జేఆర్1300లో 1.54 మీటర్లు.

ఆగే దూరం

పొడిగా ఉన్న మంచి రోడ్డుపై సెకనుకు 8 మీటర్ల చొప్పున వేగం తగ్గుతుందని, ప్రమాదాన్ని గుర్తించి స్పందించడానికి ఒక సెకను పడుతుందని అనుకుందాం. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఆగడానికి సుమారు 53 మీటర్లు, 120లో 103 మీటర్లు కావాలి. తడి రోడ్డుపై ఇంకా ఎక్కువ.

బ్రేకు వేయగానే భారం ముందు చక్రంపైకి మళ్లుతుంది. అందుకే ముందు డిస్కులు పెద్దవిగా ఉంటాయి. కానీ ఆ చక్రం తిరగడం ఆగి జారితే పక్కకు పట్టు పోయి బైకు పడిపోతుంది. దీన్ని నివారించేదే ఏబీఎస్. 1988లో బీఎండబ్ల్యూ కె100తో ఇది మోటార్‌సైకిళ్లలోకి వచ్చింది. మన దేశంలో 125 సీసీ దాటిన ద్విచక్ర వాహనాల కొత్త మోడళ్లకు 2018 ఏప్రిల్ నుంచి, పాత మోడళ్లకు 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేశారు. సింగిల్ ఛానల్ రకం ముందు చక్రాన్నే కాపాడుతుంది. డ్యూయల్ ఛానల్ రెండింటినీ కాపాడుతుంది.

సామాను

వెనుక ఎత్తుగా బరువు పెడితే ముందు చక్రంపై భారం తగ్గి హ్యాండిల్ తేలిపోతుంది. బరువైనవి కింద, బైకు మధ్యకు దగ్గరగా, రెండు వైపులా సమానంగా సర్దాలి. ఇద్దరు ఎక్కినప్పుడు సస్పెన్షన్‌నూ టైర్ల గాలినీ తయారీదారు సూచించినట్లు మార్చుకోవాలి.

కాబట్టి ఇలాంటి బైకు ఎంచుకునేటప్పుడు హార్స్ పవర్ కన్నా ముందు చూడాల్సినవి బ్రేకులు, గాలి నుంచి రక్షణ, పూర్తి బరువుతోనూ చెదరని నిలకడ.