వీలు దగ్గర కటకట

గాజువాక ఆటోనగర్‌లో నా చేతికింద పని నేర్చుకునే కుర్రాళ్ళకు చెప్పేవే ఇవి.

1. ముందు చెవి పెట్టు. స్టీరింగు పూర్తిగా ఒక పక్కకి కొట్టి ఖాళీ జాగాలో మెల్లగా తిప్పు. కటకటమంటే షాఫ్టుకి వీలు వైపున్న సీవీ జాయింటు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడే బండి వణికితే గేర్‌బాక్సు వైపుది చూడు. తిన్నగా పోతున్నా మూలిగేది బేరింగు. మూడూ కలిపి బిల్లు వేసే షెడ్లున్నాయి; వాళ్ళ దారి మనకొద్దు.

2. అంబాసిడర్, పద్మినీలకి వెనక చక్రాలే తోసేవి. షాఫ్టుకి క్రాసు జాయింట్లతో పని జరిగిపోయేది. 1983 చివర్లో మారుతి 800 రావడంతో తిరిగే ముందు చక్రమే బండిని లాగాల్సి వచ్చింది. క్రాసు వంగితే ఒక్క చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది. ఫోర్డులో పనిచేసిన ఆల్‌ఫ్రెడ్ ర్జెప్పా 1920ల్లోనే ఆరు బాల్స్‌తో దానికి మందు కనిపెట్టాడు; వీలు వైపున్న మన జాయింటు అదే. షాఫ్టు ఎటు వంగినా బాల్స్ ఆ కోణానికి సరిగ్గా మధ్యలో నిలుస్తాయి, వేగం చెదరదు.

3. జాయింటుని కప్పే రబ్బరు బూటు చూడకుండా జాయింటు ముట్టుకోకు. ఇది విశాఖ బాబూ: ఒకపక్క ఉప్పుగాలి, ఇంకోపక్క పోర్టు రోడ్డు మీద బొగ్గు, ఇనుప ఖనిజం దుమ్ము. రబ్బరు చీలిందా, గ్రీజు బయటికి చిమ్ముతుంది, ఆ దుమ్ము లోపలికి పోతుంది. ఇక బాల్స్ తిరిగేది రుబ్బురోట్లోనే. రిమ్ము లోపలి అంచున నల్లగా గ్రీజు మరకలుంటే చప్పుడు మొదలవక ముందే దొరికినట్టు. బూటూ గ్రీజుతో సరిపోతుంది. ఓనరుకి నచ్చచెప్పడమే కష్టం: "మోగట్లేదు కదా" అంటాడు.

4. చప్పుడు మొదలైతే మాత్రం జాయింటు విప్పాల్సిందే. కడిగి ఆరబెట్టి, బయటి కప్పు, బాల్స్‌ని పట్టి ఉంచే కేజు, లోపలి ముక్క మూడింటి మీదా పెయింటుతో గుర్తు పెట్టు. లోపలి ముక్కని ఒక పక్కకి వంచితే ఎదురుగా ఒక బాలు పైకొస్తుంది. అలా ఆరూ తీసి, ఏ గాడిది ఆ వరసలో గుడ్డ మీద పెట్టు. అవి ఆ గాళ్ళలోనే అరిగి కుదురుకున్నాయి. తర్వాత కేజుని నిలువుగా తిప్పితే బయటికొస్తుంది. రాకపోతే సుత్తి కాదు, కోణం మార్చు.

5. గాడి మెరుస్తుంటే భయం లేదు. గోరు పట్టే గుంట ఉంటేనో, బాలు మీద పెచ్చు లేచి ఉంటేనో, కేజు కిటికీ మూలలో పగులు కనిపిస్తేనో మొత్తం జాయింటు మార్చెయ్. ఒక్క బాలు మార్చి నెట్టుకురావడం కుదరదు.

6. బిగించేటప్పుడు మాలిబ్డినం నల్ల గ్రీజే. చాసిస్‌కి కొట్టేది వద్దు. చెప్పిన కొలతలో కొంత జాయింట్లోకి కుక్కి, మిగిలింది బూట్లో వెయ్యి. పాత సర్‌క్లిప్పు పారెయ్. షాఫ్టు మీద క్లిప్పు టక్కున పడ్డాక చేత్తో గట్టిగా లాగి చూడు. క్లాంపు బిగించే ముందు బూటు అంచు కాస్త ఎత్తి గాలి వదులు.

7. హబ్ నట్టు కొత్తది. చివరి బిగింపు చక్రం నేల మీద ఆనాకే, టార్క్ రెంచితో. ఆనక సింహాచలం ఘాట్ రోడ్డెక్కి దిగి రా. బూటు దగ్గర కొత్త గ్రీజు మరక లేకపోతేనే తాళాలు ఓనరుకివ్వు.