తేలిక కారునకు తగిన గాలి

1887వ సంవత్సరమున ఐర్లండు ద్వీపమందలి బెల్ఫాస్టు నగరమున జాన్ బాయిడ్ డన్‌లప్ అను పశువైద్యుడు నివసించుచుండెను. ఆయన కుమారుడు గట్టి రబ్బరు చక్రములు గల మూడుచక్రముల బండి నెక్కి రాళ్లు పరచిన వీథులలో తిరుగుచుండెడివాడు. బండి అడుగడుగునకు ఎగిరిపడుచుండుటచే బాలునకు మిక్కిలి శ్రమ కలుగుచుండెను. తండ్రి దానిని చూచి, పలుచని రబ్బరు గొట్టమును చేసి, దానిలో గాలి నింపి, చక్రము చుట్టును బిగించెను. బండి మెత్తగా పోవుటయే గాక, మునుపటికంటె సులభముగా దొర్లెను. మరుసటి సంవత్సరమున ఆయన ఆ పద్ధతికి పేటెంటు పొందెను. అంతకు నలువది సంవత్సరములకు పూర్వమే, 1845లో, రాబర్ట్ విలియం థామ్సన్ అను స్కాట్లండు దేశస్థుడు ఇట్టి చక్రమునకే పేటెంటు పొందియుండెను. కాని ఆ కాలమున దాని ప్రయోజనమును లోకము గుర్తింపలేదు. 1895లో పారిసు నుండి బోర్డో నగరమునకు పోయి తిరిగివచ్చు పందెమున మిషెలిన్ సోదరులు గాలి టైరులు తొడిగిన మోటారుబండిని నడపిరి. దారిలో టైరులు పెక్కుమారులు చెడినను, మోటారుబండి గాలిపై నడువగలదని ఆనాడు ఋజువయ్యెను.

టైరు రబ్బరు తొడుగు మాత్రమే. బండి బరువును చాలవరకు మోయునది దానిలోని గాలి. అయినచో ఎంత గాలి నింపవలయును? ఎక్కువ గాలి యున్న టైరు ఎక్కువ బలము గలదని పలువురు తలంతురు. ఈ తలంపు పొరపాటు. తేలికయైన చిన్న కారుల విషయమున ఇది ప్రమాదకరమైన పొరపాటు.

ఎనిమిదవ తరగతి విద్యార్థికి తెలిసిన లెక్కతోనే ఈ సంగతిని గ్రహింపవచ్చును. ఒక చిన్న కారు చక్రము మీద 180 కిలోగ్రాముల బరువు పడుచున్నదనుకొనుడు. టైరులోని గాలి చదరపు సెంటీమీటరునకు 1.8 కిలోగ్రాముల ఒత్తిడి గలదైనచో, 180ని 1.8 చేత భాగింపగా 100 వచ్చును. అనగా ఆ టైరు సుమారు 100 చదరపు సెంటీమీటరుల మేర నేలను తాకియుండును. ఇది మనిషి అరచేయి యంత స్థలము. నాలుగు చక్రములును కలిసి తాకెడి నేల నోటుపుస్తకమందలి ఒక పుట యంత మాత్రమే. కారును, అందు కూర్చున్నవారి ప్రాణములును ఆ పుటంత స్థలముపై ఆధారపడియున్నవి.

పై లెక్కలో 1.8 కిలోగ్రాముల ఒత్తిడి యనగా చదరపు అంగుళమునకు సుమారు 26 పౌనులు. పెద్ద కారులకు 36 పౌనుల వరకును గాలి నింపుట కలదు. ఆ యలవాటు చొప్పున చిన్న కారునకు కూడ అంత గాలి నింపినచో ఒత్తిడి 2.5 కిలోగ్రాములగును. అపుడు 180ని 2.5 చేత భాగింపగా వచ్చునది 72 మాత్రమే. నేలను పట్టియుంచు స్థలములో నాలుగింట ఒక వంతుకంటె ఎక్కువ పోయినది. టైరు గోడలును కొంత బరువును మోయును గనుక ఈ లెక్క సరిగా కొలిచినది కాదు, అంచనా మాత్రమే. అయినను మార్గము చూపుటకు చాలును.

గాలి మితిమీరిన టైరు గట్టిపడును. పెద్దవాడు కూర్చుండగా అణగెడి పరుపు పసిబిడ్డ కూర్చుండినపుడు అణగదు. అటులనే బరువైన కారు క్రింద అణగి గతుకులను మ్రింగెడి టైరు తేలిక కారు క్రింద అణగక, గతుకు గతుకునకును ఎగురును. చక్రము నేలను విడిచిన క్షణమున బ్రేకు నొక్కినను, స్టీరింగు త్రిప్పినను ఫలితముండదు. పైగా అట్టి టైరు నడుమ భాగమున మాత్రమే అరిగిపోవును.

అందుచేత గాలిని ఇష్టము వచ్చినంత తగ్గించుటయు తగదు. గాలి చాలని టైరు గోడలు ప్రతి చుట్టునకును వంగి లేచుచుండును. ఒక తీగను మాటిమాటికి వంచినచో వేడెక్కునట్లు, ఆ గోడలును వేడెక్కి, వేగముగా పోవునపుడు టైరు పగులుటకు దారితీయును. మలుపులలో టైరు అంచు రిమ్ము నుండి జారవచ్చును. వానకాలమున రోడ్డుపై నిలిచిన నీటిని ప్రక్కలకు త్రోయు శక్తి తగ్గి, టైరు నీటిపై తేలుటకు అవకాశము హెచ్చును. కావున అధికమును, అల్పమును గాక, తగినంత గాలి యుండవలయును.

ఆ తగినంత యెంతయో నిర్ణయించునది బరువు. ఇందుకు ఇంగ్లండు దేశపు మినీ కారు మంచి యుదాహరణము. 1956లో సూయజు కాలువ సంక్షోభము వలన ఆ దేశమున పెట్రోలుకు కరవు ఏర్పడెను. తక్కువ పెట్రోలుతో నడుచు చిన్న కారు కావలసివచ్చెను. అలెక్ ఇసిగోనిస్ అను ఇంజనీరు దానిని రూపొందించగా, 1959వ సంవత్సరము ఆగస్టు నెలలో అది వెలువడెను. దాని పొడవు సుమారు 10 అడుగులు, బరువు దాదాపు 600 కిలోగ్రాములు, చక్రముల వ్యాసము 10 అంగుళములు మాత్రమే. ఇంజను ముందుభాగమున అడ్డముగా అమర్పబడెను. అందుచే బరువులో ఎక్కువ భాగము ముందు చక్రములపై పడును. కావుననే నిర్మాతలు ఆ కారు తొలినాటి టైరులకు ముందు 24 పౌనులు, వెనుక 22 పౌనులు గాలి యుంచవలెనని చెప్పిరి. ఎక్కువ మోయు చక్రములకు ఎక్కువ గాలి, తక్కువ మోయువానికి తక్కువ గాలి. ఇదియే సూత్రము.

ఈ సూత్రమును మరచినచో కలుగు కీడునకు అమెరికా దేశమున ఒక పెద్ద నిదర్శనము కలదు. అచ్చట షెవర్లే కంపెనీ వారు 1960వ సంవత్సరపు నమూనాగా కార్వెయిర్ అను కారును వెలువరించిరి. నాటి అమెరికా కారులలో అది చిన్నది, తేలికయైనది. దాని యింజను వెనుక భాగమున నుండెను. బరువు వెనుక చక్రములపై ఎక్కువగా పడుచుండుటచే, ముందు టైరులకు 15 పౌనులు, వెనుక టైరులకు 26 పౌనులు గాలి యుండవలెనని నిర్మాతలు నిర్ణయించిరి. కాని నాలుగు చక్రములకును ఒకే విధముగా గాలి నింపుట ఆ దేశమున అలవాటు. ముందు టైరులలో గాలి హెచ్చినచో అవి నేలను గట్టిగా పట్టుకొని వేగముగా తిరుగును. వెనుక టైరులు ఆ బరువునకు తాళలేక ప్రక్కకు జారును. అపుడు మలుపులో కారు తోక వెలుపలికి విసరినట్లు పోవును. వెనుక ఇరుసుల నిర్మాణము కూడ ఈ గుణమును హెచ్చించునదిగా నుండెను.

1965లో రాల్ఫ్ నాడర్ అను యువన్యాయవాది ఒక గ్రంథమును ప్రకటించి, అందు మొదటి ప్రకరణమున ఈ కారునే తీవ్రముగా విమర్శించెను. ప్రయాణికుల ప్రాణరక్షణ నిర్మాణము మీద ఆధారపడక, గాలి నింపువాని జాగ్రత్త మీద ఆధారపడుట తగదని ఆయన వాదము. ఈ విమర్శ దేశమంతట సంచలనము కలిగించెను. 1966లో అమెరికా ప్రభుత్వము మోటారు వాహనముల భద్రతకు చట్టము చేసెను. కార్వెయిర్ ఆనాటి యితర కారులకంటె అధ్వాన్నము కాదని 1972లో ప్రభుత్వ నివేదిక తెలిపెను. వాదము ఎటు తేలినను, నిర్మాతలు కోరిన రెండు అంకెలను సమము చేయుట ఆ కారు స్వభావమునే మార్చునను సంగతి మాత్రము నిశ్చయము.

నేడును పాతకాలపు తేలిక కారులను ప్రేమతో కాపాడుకొనువారు పెక్కు దేశములలో కలరు. వారికి మరియొక చిక్కు కలదు. వారి కారులు పుట్టిన నాటి టైరులలో దారపు పొరలు ఒకదానిపై నొకటి ఏటవాలుగా పరుపబడియుండెడివి. 1946లో మిషెలిన్ కంపెనీ పేటెంటు పొందిన రేడియల్ టైరులలో దారములు ఒక యంచు నుండి మరియొక యంచునకు సూటిగా పోవును. వీని గోడలు మెత్తనివి. అందుచే మినీ కారునకే రేడియల్ టైరులు తొడిగినపుడు ముందు 28, వెనుక 26 పౌనులు నింపవలసివచ్చెను. పాతపుస్తకమందలి అంకెను టైరు జాతి చూడక అనుసరించుట ఎట్లు తగదో, టైరు ప్రక్కన అచ్చువేసిన అంకెను అనుసరించుటయు అట్లే తగదు. ఆ యంకె టైరు తాళగల పరిమితిని తెలుపునే గాని, ఆ కారునకు తగిన గాలిని తెలుపదు.

కావున జాగ్రత్త గలవారు ఈ క్రమమును పాటింతురు. మొదట నిర్మాతలు తమ కారునకు, ఆ జాతి టైరునకు చెప్పిన అంకెలను తెలిసికొందురు. పిమ్మట లారీలను తూచెడి కాటాపై ముందు చక్రములను, వెనుక చక్రములను వేరువేరుగా నిలిపి బరువు చూతురు. గాలిని మార్చవలసివచ్చినచో ఒకటి రెండు పౌనులకు మించక మార్చి, ముందువెనుకల భేదమును చెడగొట్టక, ఫలితమును వ్రాసికొందురు. టైరుపై అడ్డముగా సుద్దగీత గీచి, పొడిరోడ్డుపై కొంత దూరము సూటిగా నడపి చూతురు. గీత నడుమ చెరిగినచో గాలి ఎక్కువ. అంచులలో మాత్రమే చెరిగినచో గాలి తక్కువ. అంతటను సమముగా చెరిగినచో గాలి తగియున్నది. వెనుక సీటులో మనుష్యులును సామానును నిండిన దినమున, నిర్మాతలు చెప్పిన మేరకు వెనుక టైరులకు గాలి హెచ్చింతురు.

గాలిని కొలుచు సమయము కూడ ముఖ్యమైనది. ఉదయము బండి కదలకముందు, టైరు చల్లగా నుండగా కొలువవలయును. చల్లని టైరులో 24 పౌనులుండగా ప్రయాణమున అది 30 సెంటీగ్రేడు డిగ్రీలు వేడెక్కినచో ఆ గాలియే సుమారు 28 పౌనులు చూపును. ఇది చూచి గాలి ఎక్కువైనదని తీసివేసినచో, టైరు చల్లారిన పిమ్మట 20 పౌనులకు దిగజారును. తెలియనివాడు చేసిన సవరణ కొత్త దోషమునకు కారణమగును.

డన్‌లప్ తన కుమారుని బండికి గాలి నింపినపుడు ఆ బాలుని బరువును, ఆ వీథి రాళ్లను కన్నులార చూచి నింపెను. నేటి వాహన యజమానికిని అదియే పాఠము. పొరుగువాని కారునకు చెల్లిన అంకె తన కారునకు చెల్లదు. బలమును బరువుతో సరిచూచి, కొలిచి, మరల కొలిచి, మితమును నిలుపుకొనువానికి పుటంత నేలయే చాలును.

ప్రశ్నలు

1. గాలి హెచ్చిన కొలది టైరు నేలను తాకు స్థలము తగ్గుటకు కారణమేమి? లెక్కతో వివరింపుము.

2. మినీ కారునకు ముందు చక్రములలోను, కార్వెయిర్ కారునకు వెనుక చక్రములలోను ఎక్కువ గాలి యుండవలసిన కారణమేమి?

3. ఒక చక్రముపై 200 కిలోగ్రాముల బరువు పడుచున్నది. గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు 1.6 కిలోగ్రాములైనచో టైరు ఎంత నేలను తాకును?

4. నీ సైకిలు టైరులను పరీక్షించి, అవి ఎచ్చట ఎక్కువగా అరిగినవో చూచి, కారణమును వ్రాయుము.