పెట్టెకూ గాలి ఆడాలి

మండల సమాఖ్య ఆఫీసులో కంప్యూటరు చూశారా? సంఘాల పొదుపు, అప్పు లెక్కలు అందులో ఎక్కిస్తారు. ఎండాకాలం మధ్యాహ్నం ఒక్కోసారి అది నెమ్మదిస్తుంది. టక్కున ఆగిపోతుంది కూడా. సేవ్ చెయ్యని లెక్క పోతుంది. కట్టిన కిస్తీ మళ్ళీ ఎక్కించాలి. ఎక్కించడం మరిచిపోతే? కట్టినామె కట్టనట్టే కనబడుతుంది!

ఎందుకు ఆగింది? వేడి వల్ల కావచ్చు.

బల్ల కింద రేకు పెట్టె ఉంటుంది. లెక్కలు చేసే ప్రాసెసరు అందులోనే ఉంది. పని చేసేకొద్దీ అది వేడెక్కుతుంది. దాదాపు 100 డిగ్రీలకు చేరితే తనే వేగం తగ్గించుకుంటుంది. ఇంకా వేడెక్కితే, మాడిపోకుండా ఆగిపోతుంది.

అందుకే పెట్టెకు ఫ్యాన్లు పెడతారు. ముందు ఫ్యాను బయటి గాలిని లోపలికి లాగాలి. వెనక, పైభాగాన ఉన్న ఫ్యాను వేడిగాలిని బయటికి తొయ్యాలి. వంటింట్లో పొగ పైకే పోతుంది కదా, వేడిగాలీ అంతే. రెండూ ఎదురెదురుగా లోపలికే ఊదితే వేడి సరిగా బయటికి పోదు.

ఫ్యాను ఎటు ఊదుతుందో ఎలా తెలుస్తుంది? చిన్న కాగితం ముక్క జాలీ దగ్గర పట్టుకోండి. ముందు వైపు అతుక్కోవాలి. వెనక వైపు ఎగరాలి. వెనక కూడా అతుక్కుంటే ఫ్యాను తిరగేసి బిగించారన్నమాట. మెకానిక్కుకు చెప్పండి.

పెట్టెను గోడకు ఆనించకూడదు. వెనక జానెడు చోటు వదలాలి. దుమ్ము పడుతుందని కొందరు గుడ్డ కప్పుతారు. మంచిదే, కానీ కంప్యూటరు నడిచేటప్పుడు గుడ్డ తీసెయ్యాలి. ముందు జాలీకి పట్టిన దుమ్మును ప్లగ్గు పీకాకే మెత్తని బ్రష్షుతో దులపాలి. తడిగుడ్డ వాడొద్దు.