ఐదో నెల స్కాన్‌తోనే సరిపోదు

ఐదో నెల టిఫా స్కాన్ బాగుందంటే నిశ్చింతగా ఉంటాం. కానీ బిడ్డ పేగుల్లోని కొన్ని లోపాలు అప్పటికి కనిపించవు. చిన్నపేగు మొదట్లోనే మూసుకుపోతే స్కాన్‌లో రెండు నీటి బుడగలు పక్కపక్కనే కనిపిస్తాయి. అదీ చాలాసార్లు ఆరో నెల దాటాకే. ఉమ్మనీరు మరీ ఎక్కువైతే మళ్లీ స్కాన్ చేయించాలి. మలద్వారం లేకపోవడం స్కాన్‌కు తరచు దొరకదు. పుట్టగానే కళ్లతో చూడాలి.

పసిబిడ్డ ఆకుపచ్చగా పసరు కక్కితే వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. పేగు మెలిపడితే గంటల్లోనే చచ్చుబడుతుంది. అల్ట్రాసౌండ్‌లో రక్తనాళాలు సుడి తిరిగినట్టు కనిపించి ఆ సంగతి బయటపడుతుంది.

మల్కాజ్‌గిరి నుంచి నిలోఫర్ దూరమేమీ కాదు. ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీ ఉంది. బయట చేయించే రెండో స్కాన్ ఖర్చుకే పేద కుటుంబం వెనకాడుతుంది. దాతలారా, మన చేయి అందవలసింది అక్కడే.