తక్కువ కొటేషన్‌ను అనుమానించే ఉద్యోగం

అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ ఉన్న కోచింగ్ బోర్డులు సివిల్ ఇంజినీరింగ్ చదివినవాళ్లకు రెండు దారులే చూపిస్తాయి. జావానో పైథానో నేర్చుకుని సాఫ్ట్‌వేర్‌లోకి దూకడం ఒకటి, ఆటోక్యాడ్, రెవిట్ పట్టుకుని డిజైన్ ఆఫీసులో చేరడం రెండోది. కట్టబోయే భవనానికి సరైన కాంట్రాక్టరును ఎంచిపెట్టే పనికి బోర్డులు తక్కువ. టెండర్ ఇంజినీరు, క్వాంటిటీ సర్వేయరు, బిల్లింగ్ ఇంజినీరు అంటూ పేర్లు మారినా యజమాని డబ్బుకు కాపలా కాయడమే ఈ ఉద్యోగం.

దీనికి లెక్కలతోపాటు అనుమానించడమూ రావాలి. అమీర్‌పేటలో మీరు ఎక్కే మెట్రో కథే చూడండి. 2008లో పోటీదారులు ప్రభుత్వాన్ని సాయం అడుగుతుంటే, మైటాస్ కూటమి తానే ఎదురు రూ.30,311 కోట్లు ఇస్తానంది. ఢిల్లీ మెట్రో శ్రీధరన్ అప్పుడే ఇదేమిటని ప్రశ్నించారు. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది. మైటాస్ కూడా సత్యం అధినేత రామలింగరాజు కుటుంబానిదే. అప్పు పుట్టలేదు, జులైలో ఒప్పందం రద్దయింది. మళ్లీ టెండర్లు పిలిస్తే, 2010లో రూ.1,458 కోట్ల సాయం కోరిన ఎల్ అండ్ టీకి పని దక్కింది. మొదటి రైలు 2017 నవంబరులో నడిచింది. ఊరించే అంకె ఎంత కాలాన్ని మింగుతుందో లెక్కేసుకోండి.

మన స్థాయిలో అంకెలు చిన్నవి, ఎత్తులు అవే. పంజాగుట్టలో సెల్లారుతో ఒక షాపింగ్ కాంప్లెక్స్ కడుతున్నారనుకుందాం. ఇక్కడ నాలుగడుగులు తవ్వితే రాయి తగలడం మామూలే. చుట్టూ ఇళ్లు, ఆసుపత్రులు ఉన్నచోట పేలుళ్లకు అనుమతి దొరకడం కష్టం, బ్రేకరుతో కొట్టుకుంటూ పోవాలి. బీఓక్యూలో, అంటే పనుల పరిమాణాల పట్టికలో, గట్టి రాయి 200 ఘనపు మీటర్లని రాశారు. ఒకాయన మొత్తం మీద 3 లక్షలు తక్కువకు వేశాడు, రాతి తవ్వకం రేటు మాత్రం రెండో ఆయనకన్నా ఘనపు మీటరుకు రూ.1,500 ఎక్కువ. తీరా తవ్వితే రాయి 800 ఘనపు మీటర్లు తేలింది. పెరిగిన 600 మీద అదనంగా 9 లక్షలు పోతాయి. ఆ 3 లక్షల లాభం ఎటు పోయింది? రాయి ఎక్కువుంటుందని ఆయనకు ముందే తెలుసు. మట్టి పరీక్ష నివేదిక చదివి ఉంటే మీకూ తెలిసేది.

ఇంకో ఎత్తు ఉంది. పునాది పనులకు రేటు పెంచి, చివర్లో వచ్చే పెయింటింగుకు తగ్గిస్తారు. మొత్తం మారదు గానీ డబ్బు మొదటి బిల్లుల్లోనే చేతికొస్తుంది. మధ్యలో సామాను సర్దుకుని పోయినా కాంట్రాక్టరుకు నష్టం ఉండదు. బిల్లు బిల్లుకూ కొంత సొమ్ము పట్టి ఉంచుకోవడం, బ్యాంకు గ్యారంటీ లాంటివి ఇందుకే పెడతారు.

నేర్చుకోవడానికి మాదాపూర్‌లో నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్, శామీర్‌పేటలో నిక్మార్ క్యాంపస్ ఉన్నాయి. అయితే, నా మాట వింటే, ఫీజు కట్టేముందు తెలంగాణ ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో ఒక భవనం టెండరు చూడండి. డ్రాయింగులు దొరికితే ఐఎస్ 1200 కొలత పద్ధతిలో మీరే పరిమాణాలు కట్టి, బీఓక్యూతో పోల్చండి. తేడా వచ్చినచోట ఎవరిది తప్పో తేలేదాకా వదలొద్దు. ఎక్సెల్ బాగా రావాలి, పనుల షెడ్యూలు వేసే ప్రైమావెరా తర్వాత చూసుకోవచ్చు.

ఇంటర్వ్యూలో ఘనపు మీటరు ఎం20 కాంక్రీటుకు సిమెంటు ఎన్ని బస్తాలని అడగొచ్చు. 1:1.5:3 పాళ్లలో సుమారు 8. ఆ వెంటనే, ఒక కాంట్రాక్టరు 6 బస్తాల ఖర్చుకే రేటు వేస్తే ఏం చేస్తావని అడుగుతారు. రేటు విశ్లేషణ కాగితం తెప్పిస్తానని చెప్పండి.